మా అమ్మలు ఏ పనీ చేయలేదా?

బడిలో పేరు రాయించుకున్న రోజు మాలో చాలామందికి ఇంకా గుర్తుంది. మా పేరు అయింది, అబ్బా పేరు అయింది, అబ్బా చేసే పని అయింది. "మరి మీ అమ్మ ఏం చేస్తది?" అని పంతులు అడిగిండు. "ఏం చెయ్యది సార్, ఇంట్లనే ఉంటది" అన్నాం.

అది అబద్ధం. ఆ పొద్దున్నే అమ్మ కంది కోతకు కూలికి పోయింది. పోకముందు ఇల్లు ఊడ్చింది, రొట్టెలు చేసింది, చిన్న పిల్లను పెద్ద పిల్లకు అప్పజెప్పింది. మాలో ఒకరి అమ్మ బండల కార్ఖానాలో ముక్కలు ఎత్తిపోసేది. ఒకరి అమ్మ గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగేది. ఒకరి నానీ పాత చీరలతో బొంతలు కుట్టేది. దూదేకుల ఇళ్లలోనైతే మొగుడు విల్లు మీటి దూది ఏకుతుంటే భార్య ఆ దూదిని పరుపుకు పరిచేది. ఇద్దరి ముక్కుల్లోకీ అదే దుమ్ము పోయేది.

అయినా "ఏం చెయ్యది" అనే అన్నాం. సిగ్గుపడి అన్నాం. ఆడదాని సంపాదన తినే ఇల్లు మంచి ఇల్లు కాదని, మంచి ఇంటి ఆడది బయట కనబడదని, పాడదని, గట్టిగా నవ్వదని ఏడేళ్ల వయసుకే మాకు తెలిసిపోయింది. మా ఇళ్లల్లో ఎవరూ అట్లా బతకలేదు. మరి చూడని బతుకును మంచి బతుకని మాకు ఎవరు నేర్పారు? ఎప్పటినుంచి నేర్పుతున్నారు? వికారాబాదు, తాండూరు ప్రాంతం మనుషులుగా ఈ ప్రశ్న మేం ముందు మమ్మల్నే వేసుకుంటున్నాం. మా గురించి రాసేవాళ్లనూ వేసుకోమంటున్నాం.

గుడ్డ పట్టుకున్న చేతులు

వికారాబాదు పేరులోనే ఒక నవాబు ఉన్నాడు. పాయగా వంశానికి చెందిన సర్ వికారుల్ ఉమ్రా పేరు మీద ఆ ఊరికి ఆ పేరు వచ్చింది. ఆయన 1893 నుంచి 1901 దాకా హైదరాబాదు రాజ్యానికి ప్రధానమంత్రి. ఫలక్‌నుమా కట్టించినవాడు. అంతకుముందే 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు మార్గం పడింది. తాండూరు, వికారాబాదు ఆ దారిలోవే. రైలు వచ్చాక ఊళ్లు పెరిగాయి, గంజులు పెరిగాయి, బండలు దూరదేశాలకు పోయాయి. రైలుతో పాటు నగరం మర్యాద కూడా దిగింది.

ఆనాటి రైళ్లలో జనానా డబ్బాలు ఉండేవి. పెద్దింటి బేగం దిగితే డబ్బా తలుపు నుంచి బండి దాకా రెండు పక్కలా గుడ్డ పట్టేవాళ్లు. ఆ గుడ్డ వెనక నడిచిన స్త్రీ గురించి చరిత్ర ఎంతో కొంత రాసింది. గుడ్డ పట్టుకున్న చేతుల గురించి రాయలేదు. దేవిడీల్లో వంట చేసిన మామాలు, పాలిచ్చి పెంచిన దాయీలు, బావి నుంచి నీళ్లు మోసినవాళ్లు, బజారుకు పోయి వచ్చినవాళ్లు, వీళ్లంతా ఆడవాళ్లే. వీళ్లలో ముస్లింలూ ఉన్నారు. ఒక్క స్త్రీ ఎవరికీ కనబడకుండా ఉండాలంటే పదిమంది స్త్రీలు అందరికీ కనబడుతూ పనిచేయాలి. పరదా అంటే మొదట ఒక ఖర్చు. ఆ ఖర్చు భరించగలిగినవాళ్లే దాన్ని షరాఫత్ అన్నారు. భరించలేనివాళ్లు వాళ్ల దృష్టిలో రజీల్.

దేవిడీ లోపలి నుంచే ఎదురు తిరిగిన స్త్రీలూ ఉన్నారు. వాళ్లంటే మాకు గౌరవం. సుగ్రా హుమాయూన్ మీర్జా పరదా వదిలి సభల్లో మాట్లాడింది, పత్రిక నడిపింది, 1934లో ఆడపిల్లల కోసం సఫ్దరియా బడి పెట్టింది. కమ్యూనిస్టు ఉద్యమంతో కలిసి నడిచిన జమాలున్నిసా బాజీ మాటలు 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో చదివాం. చదివి గర్వపడ్డాం. కానీ వాళ్ల కథ మూసిన తలుపు దగ్గర మొదలవుతుంది. మా దాదీల ఇళ్లకు మూయడానికి సరైన తలుపే లేదు. వాళ్లు బయటికి రావడానికి ఎవరి అనుమతీ అడగలేదు, వాళ్లను లోపల కూర్చోబెట్టి తిండి పెట్టేవాళ్లే లేరు. బయటికి రావడాన్నే విముక్తి అనుకుంటే మా దాదీలు పుట్టుకతోనే విముక్తులు కావాలి. కాలేదని వాళ్ల అరచేతులు చూసినవాళ్లకు తెలుసు. వాళ్లకు కావలసినది కూలి రేటు, కాన్పుకు దవాఖానా, తాగి కొట్టని మొగుడు.

ముస్లిం స్త్రీ అనగానే మన అభ్యుదయ పాఠకులకు ఇప్పటికీ ఒక నల్ల బురఖా, ఒక చీకటి గది కనబడతాయి. మా మతపెద్దలకూ మంచి ముస్లిం స్త్రీ అనగానే అదే గది కనబడుతుంది. ఒకరు జాలిపడతారు, ఇంకొకరు మెచ్చుకుంటారు. ఇద్దరి చేతుల్లో ఉన్నది దేవిడీ కొలతే.

ఇసుర్రాయి దగ్గర పాట

మా దగ్గర పని, పాట వేరువేరుగా ఉండేవి కావు. పొద్దున కోడి కూయకముందు ఇసుర్రాయి తిరిగేది. జొన్నలు పిండి అవుతుంటే పాట సాగేది. ఇది మా తెలంగాణ ఆడవాళ్లందరి ముచ్చట. కాని దక్కన్‌లో ఈ పాటకు ఇంకో చరిత్ర కూడా ఉంది.

బీజాపూర్, గుల్బర్గా ప్రాంతాల సూఫీలు దక్కనీ భాషలో చక్కీనామాలు అల్లారు. ఇసుర్రాయి తిప్పేటప్పుడు పాడేది చక్కీనామా. రాట్నం వడికేటప్పుడు పాడేది చర్ఖానామా. బిడ్డను నిద్రపుచ్చే లోరీనామా, పెళ్లిలో పాడే షాదీనామా కూడా ఉన్నాయి. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 1978లో అచ్చయిన తన బీజాపూర్ సూఫీల పుస్తకంలో వీటి గురించి వివరంగా రాశాడు. తిరిగే రాయి, దాని నడుమ కదలని ఇరుసు, చేతిపిడి, అన్నిటినీ దేవుడి ధ్యాసకు గుర్తులుగా చెప్పే పాటలివి. 1422లో చనిపోయిన గుల్బర్గా బందేనవాజ్ పేరు మీద కూడా చక్కీనామాలు చలామణీలో ఉన్నాయి.

తాండూరువాళ్లకు గుల్బర్గా పరాయి ఊరు కాదు. 1956లో రాష్ట్రాలు కొత్తగా గీసేదాకా తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలోనే ఉంది. ఇప్పటికీ రైలెక్కితే పూట లోపల దర్గాకు పోవచ్చు. మా ఇళ్లల్లో బిడ్డకు జబ్బు చేస్తే మొదట మొక్కేది బందేనవాజ్‌కే.

ఆ సూఫీలు ఏం చేశారో ఒకసారి ఆలోచించాలి. అరబ్బీ, ఫార్సీ రాని, మసీదులో చోటు లేని, పిండి విసిరే ఆడదాని దగ్గరికి దీన్‌ను తీసుకుపోయారు. నువ్వు పని మానేసి రా అనలేదు. గొంతు దించు అనలేదు. నీ రాయి తిప్పుకుంటూ, నీ భాషలో, నీ గొంతుతో పాడుకో అన్నారు. దక్కన్‌లో ఇస్లాం ఊళ్లల్లోకి వచ్చిన దారుల్లో ఆడదాని పాట ఒకటి. ఆడదాని గొంతే పరదాలో ఉండాలని ఈ రోజు మాకు చెప్తున్నవాళ్లు ఈ ముక్క ఎందుకు చెప్పరు?

పెళ్లిళ్లలో ఢోలక్ గీతాలు కూడా అట్లాంటివే. మంజా నుంచి చౌతీ దాకా ఆడవాళ్లు ఢోలక్ చుట్టూ కూర్చుని వియ్యపురాలిని ఆటపట్టిస్తూ, మొగుళ్ల మీద, అత్తల మీద చెప్పరాని మాటలన్నీ చెప్పేవాళ్లు. ఏడాది పొడుగునా నోరు మెదపని కోడలికి ఆ నాలుగు రోజులు మాట్లాడే హక్కు ఉండేది. ఇప్పుడు చాలా పెళ్లిళ్లలో ఢోలక్ లేదు. శాదీఖానాలో సౌండ్ బాక్సులు ఉన్నాయి, లేదంటే మంచి ఇంటి పెళ్లి అని నిశ్శబ్దం ఉంది.

ఆట నేరమైన రోజు

ఆడటం, పాడటం మా సమాజంలో మొదటినుంచీ తప్పు అన్నది నిజం కాదు. మహలఖా బాయి చందా (1768–1824) నాట్యకత్తె, గాయని, కవయిత్రి. ఉర్దూలో దీవాన్ ఉన్న తొలి స్త్రీలలో ఒకరు. నిజాం దర్బారులో కూర్చుంది, జాగీర్లు పొందింది, మౌలాలీ గుట్ట కింద తన తల్లికి కట్టించిన తోటలోనే తానూ ఖననమైంది. ఆమె బతుకంతా స్వేచ్ఛ అని మేం అనం. దర్బారు ఆదరణకు దర్బారు షరతులు ఉంటాయి. కానీ ఆడుతుంది, పాడుతుంది కాబట్టి మనిషే కాదు అని ఆ కాలం అనలేదు.

వందేళ్లు తిరిగేసరికి గాలి మారింది. ఇంగ్లీషు దొరల నీతి, ఇంగ్లీషు చదివిన మనవాళ్ల సిగ్గు కలిసిపోయాయి. 1890ల నుంచి మద్రాసు రాజధానిలో నాట్యాల మీద నిరసన సాగింది. రాజమండ్రిలో వీరేశలింగం సానిమేళాల మీద కలం ఎత్తాడు. ఆ సంస్కరణ కొందరు స్త్రీలను దోపిడీ నుంచి బయటికి తేవాలని చూసింది నిజమే. కాని చాలామందికి చేతిలో ఉన్న విద్య పోయింది, బదులు ఏమీ రాలేదు. కులీన ఇళ్ల ఆడపిల్లలు అదే నాట్యాన్ని నేర్చుకుని వేదిక ఎక్కాక అది కళ అయింది.

మా హైదరాబాదు రాజ్యంలో దీనికంటే మొరటు పని జరిగింది. ఫస్లీ 1329లో, అంటే 1919లో, నిజాం సర్కారు నపుంసకుల చట్టం చేసింది. అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు, నివాసాలు రిజిస్టరులో ఎక్కించాలి. హైదరాబాదు నగరంతో మొదలుపెట్టి, కావాలనుకున్న ఏ ఊరికైనా దాన్ని విస్తరించే అధికారం సర్కారు తన దగ్గర ఉంచుకుంది. రిజిస్టరులో ఉన్న మనిషి ఆడ దుస్తులతో, నగలతో వీధిలో కనబడినా, వీధిలో ఆడినా, వాయించినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. పదహారేళ్ల లోపు పిల్లవాడు ఇంట్లో ఉన్నా నేరమే. ఇది 1871లో బ్రిటిషువాళ్లు చేసిన నేరస్థ తెగల చట్టానికి బిడ్డ. అందులో సంచార కులాలతో పాటు హిజ్రాల మీదా ఇట్లాంటి నిబంధనలే ఉన్నాయి.

ముస్లిం రాజు రాజ్యం మనకు స్వర్ణయుగం అని చెప్పుకునే మావాళ్లు ఈ చట్టాన్ని చదవాలి. దేవిడీల్లో, దర్గాల్లో, పెళ్లిళ్లలో చోటున్న మనుషుల్ని ఆ రాజ్యమే దొంగల జాబితాలోకి తోసింది. అన్నీ నిజాం మీదికే నెట్టేవాళ్లు కూడా చదవాలి. నిజాం పోయాడు, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, 2014లో తెలంగాణ వచ్చింది. చట్టం మాత్రం పోలేదు. ప్రజాస్వామ్యం దాన్ని డెబ్బై ఏళ్లకు పైగా భద్రంగా దాచుకుంది. వైజయంతి వసంత మొగ్లి, ఆమెతో పాటు మరికొందరు హైకోర్టుకు పోతే, 2023 జూలైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కర్ రెడ్డి దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. చదువుల్లో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ల గురించి, ఆసరా పింఛను గురించి కూడా తీర్పులో చెప్పారు.

మా రైలు మార్గంలో హిజ్రాలు చప్పట్లు కొడుతూ డబ్బాలోకి వస్తే మాలో చాలామందిమి కిటికీలోకి మొహం తిప్పుకున్నాం. మా ఇళ్లల్లో బిడ్డ పుడితే దీవెన కోసం వాళ్లనే పిలిచాం. దీవెన కావాలి, మనిషి వద్దు. ఈ సిగ్గు చట్టంతో పోయేది కాదు, అది మేమే తీసేసుకోవాలి.

అలావా చుట్టూ

ఇక పీర్ల పండుగ. వికారాబాదు, తాండూరు చుట్టూ ఉన్న పల్లెల్లో మొహర్రం అంటే సాయిబుల ఇళ్లకు పరిమితమైన సంగతి కాదు. పీరును ఎత్తేది ఒక సాయిబు కావచ్చు, ఒక బోయ కావచ్చు. డప్పు మాదిగలది. ఊదు సాయిబులది. దట్టీ కట్టేది ఊరంతా. అలావా గుండం చుట్టూ మగవాళ్లు అడుగులు వేస్తుంటే ఆడవాళ్లు గుంపుకట్టి పాడేవాళ్లు. హసన్ హుస్సేన్ దూలా అన్న పిలుపే జనం నాలుక మీద అసోయ్ దూలా అయిందంటారు. నగరంలో మర్సియాలు చదివి రొమ్ము బాదుకునే దుఃఖం, పల్లెకు వచ్చేసరికి పాటయింది, అడుగయింది, పులివేషం అయింది.

ఈ పండుగను ఇద్దరు రెండు వైపుల నుంచి లాగారు. ఒక వైపు మా దిద్దుబాటు జమాతులు. 1920లలో మేవాత్‌లో మొదలైన తబ్లీగ్ పని దేశమంతా పాకింది. గల్ఫ్‌కు పోయి వచ్చినవాళ్లు అక్కడి మతాన్నే అసలు మతమని తెచ్చారు. వాళ్ల వల్ల జరిగిన మంచిని మేం కాదనం. తాగుడు మానినవాళ్లను చూశాం, కట్నం తీసుకోనన్న పెళ్లికొడుకునూ చూశాం, ఖురాన్ చదవడం నేర్చుకున్న నడివయసు ఆడవాళ్లనూ చూశాం. కానీ పీరు షిర్క్ అయింది, అలావా బిద్‌అత్ అయింది, గుండం చుట్టూ పాడిన దాదీ అజ్ఞాని అయింది. ఆమె ముందే ఆ మాట అన్నాం. ఆమె ఏమీ అనలేదు. మరుసటి ఏడు పోలేదు, అంతే.

ఇంకో వైపు పీర్ల పండుగలో కలిసి ఆడిన ఊరు. 1980ల చివర నుంచి, 1992 తర్వాత మరీ ఎక్కువగా, మీ పండుగ, మా పండుగ అని లెక్కలు మొదలయ్యాయి. దట్టీ కట్టిన చెయ్యే వెనక్కి పోయింది. మసీదువాళ్లు వద్దన్నారు, ఊళ్లో కొందరు వద్దన్నారు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. ఆడదాని పాట ఆపడంలో మాత్రం ఇద్దరూ ఒక్కటయ్యారు.

జాబితాలో మిగిలిన పేర్లు

2007లో ఉమ్మడి రాష్ట్రంలో వెనుకబడిన ముస్లింలకు నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. 2010లో హైకోర్టు కొట్టేసింది, అదే ఏడు సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టింది. ఆ బి.సి.-ఇ జాబితాను ఒక్కసారి చరిత్ర పుస్తకంలాగా చదవండి. గారడీ సాయిబులు, పాములవాళ్లు, కనికట్టువాళ్లు. ఎలుగుబంటువాళ్లు, కీలుగుర్రాలవాళ్లు. ఫకీర్ బుడ్‌బుడ్కీలు, గంటా ఫకీర్లు. అత్తరు సాయిబులు. తురక కాషాలు, అంటే రోళ్లకు కక్కు కొట్టేవాళ్లు, పత్తర్ ఫోడులు.

ఇవన్నీ పనుల పేర్లు, ఆటల పేర్లు. ముస్లిం అంటే నవాబు, ముస్లిం అంటే దండెత్తి వచ్చినవాడు అన్నవాళ్లకు జవాబు ఈ జాబితాలోనే ఉంది. నున్నబడిన ఇసుర్రాయికి ఉలితో మళ్లీ పళ్లు పెట్టినవాడు మా తురక కాషా. ఆ రాయి దగ్గర పాడింది ఊరి ఆడవాళ్లందరూ. అతను పళ్లు పెట్టకపోతే ఏ ఇంట్లోనూ పిండి లేదు, పాటా లేదు.

జాబితా ఎక్కేసరికి ఆ పనులు దాదాపు పోయాయి. పిండి గిర్నీ వచ్చాక ఇసుర్రాయి మూలకు చేరింది, మిక్సీ వచ్చాక రోలు బయటికి పోయింది. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత పాము, ఎలుగు పట్టుకోవడం నేరమైంది. మూగజీవాలకు అది న్యాయమే. వాటితో బతికిన మనుషులకు బదులు పని చూపడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. సినిమా, టీవీ వచ్చాక గారడీ చూసే పిల్లలు లేరు. నిన్నటి దాకా ఊరు ఎదురుచూసిన మనిషి ఇప్పుడు బిచ్చగాడు.

మాలోనే కొందరు సర్టిఫికెట్టు కోసం తహశీల్దారు కార్యాలయంలో ఈ పేర్లు రాయిస్తారు. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు షేక్ అంటారు. తప్పు పట్టడం లేదు. అమ్మ ఏం చెయ్యది అన్న మేమే కదా ఇదీ చెప్తున్నది.

బండల దుమ్ములో

ఈ రోజు తాండూరు వెళ్లి చూడండి. నీలం బండ, పసుపు బండ. ఈ దేశంలో ఎన్నో ఇళ్ల గచ్చు మా ఊరి రాయి. కాగ్నా ఒడ్డున పండే తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కందిపప్పుకు గుర్తింపు వచ్చింది, కంది కోసిన చేతికి రాలేదు. పాలిషింగ్ యూనిట్లలో నీళ్లు, రాతి పిండి కలిసి తెల్ల బురద. ఆ బురదలో నిలబడి బండ ముక్కలు ఎత్తే ఆడవాళ్లలో మా వాళ్లూ ఉన్నారు, లంబాడీ ఆడవాళ్లూ, మాదిగ ఆడవాళ్లూ ఉన్నారు. కొందరు బురఖాలో వచ్చి మూలకు తగిలించి పని చేస్తారు, పొద్దుగూకాక మళ్లీ వేసుకుని పోతారు. దాన్ని విప్పినప్పుడు విముక్తి అని, వేసుకున్నప్పుడు బానిసత్వం అని రాసేవాళ్లు ఆమెను కూలి ఎంత వస్తదని అడగరు. విప్పినప్పుడు తప్పని, వేసుకున్నప్పుడు ఇజ్జత్ అని చెప్పేవాళ్లు కూడా ఆ సంగతి అడగరు.

సరిహద్దు దాటితే కర్ణాటక. 2022లో అక్కడ కాలేజీ గేటు దగ్గర ఆడపిల్లల్ని తల మీద గుడ్డ కోసం నిలబెట్టారు. ఆ మార్చిలో హైకోర్టు సర్కారు వైపు చెప్పింది, అక్టోబరులో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు మాటలు చెప్పారు. దేవిడీ కాలంలో గుడ్డ లేకపోతే షరీఫ్ కాదన్నారు. ఇప్పుడు గుడ్డ ఉంటే చదువు లేదన్నారు. కూలికి పోయే తల్లి బిడ్డను కాలేజీ గేటు దాకా తేవడానికి ఎన్ని రోజుల కూలి పెట్టిందన్న లెక్క ఏ తీర్పులోనూ రాదు.

జనాభా లెక్కల్లో ఇంటి పని చేసే ఆడది పనిచేయని మనిషి కిందికి వస్తుంది. 2006లో సచార్ కమిటీ ముస్లిం స్త్రీలు ఎక్కువగా ఇంట్లో కూర్చుని చేసే పనుల్లో ఉన్నారని చెప్పింది. కుట్టు, జరీ, ముక్కకింత అని ఇచ్చే పనులు. ఎన్యూమరేటర్ తలుపు కొట్టి "మీ ఆడవాళ్లు ఏం పని చేస్తరు?" అని అడిగితే మిషను మీద వంగి ఉన్న భార్యను చూస్తూనే మా మగవాళ్లు "ఏం లేదు" అంటారు. బడిలో మేం చెప్పిన జవాబు ఇప్పుడు సర్కారు లెక్క.

అందుకే ఇక్కడ మా జవాబు దిద్దుకుంటున్నాం. మా అమ్మలు కంది కోశారు, బండలు మోశారు, గాజులు అమ్మారు, దూది పరిచారు. పని చేస్తూ పాడారు, అలావా చుట్టూ పాడారు, పెళ్లిళ్లలో నవ్వారు. వాళ్ల పాటను తప్పు అన్నది మేమే, వాళ్ల పనిని దాచిందీ మేమే. పీర్ల కొట్టంలో చివరిసారి పాడిన దాదీలు మా ఊళ్లల్లో ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. వాళ్ల దగ్గరికి పోయి కూర్చుందాం. ఏం పాడారో, ఏం పని చేశారో, ఎంత కూలి ఇచ్చారో అడిగి రాసుకుందాం. ముందుగా, వాళ్లను అజ్ఞానులన్నందుకు మాఫీ అడుగుదాం.